నంబరు నెత్తిన టోపీ

రాత్రి పదకొండున్నర. పుత్తూరు రోడ్డు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి వంతెన దాకా
తోతాపురి లోడ్లు ఆగిపోయాయి.
టార్పాలిన్ల కింద కాయ మెత్తబడుతోంది.
టోకెన్ల మిషను పలకడం లేదు.

దానికి మాట నేర్పింది నేనే,
ఈ టైర్ల షాపు మీది గదిలో,
కింద నుంచి వచ్చే రబ్బరు కాలిన వాసనలో.
ఇప్పుడు తెర మీద నాలుగు వందల ఎర్ర వరసలు.
మొదటిది సగమే చెబుతుంది.
చివరిది చక్కగా అబద్ధం చెబుతుంది.

నిన్న సాయంత్రం నడిచింది, నేనేమీ ముట్టుకోలేదు.
అందరూ అనే మాటే ఇది.
పిల్లాడికి వాంతులైతే వాళ్లమ్మ
"ఏమీ తినలేదు డాక్టర్‌గారూ" అంటుందే, అట్లా.

హేమాద్రికి ఫోను చేశాను, పలమనేరులో ఉన్నాడు.
"నా దాంట్లో బాగా నడస్తాందే మేడం!"
అయితే నీ ల్యాప్‌టాప్ ఎత్తుకొచ్చి
గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టు నాయనా
అనలేదు.
సరే అన్నాను.

దారి దొరకలేదంది. దారి రాసిచ్చాను.
జావా పాతదంది. కొత్తది పెట్టాను.
జ్ఞాపకం చాలదంది. అదీ పెంచాను.
ప్రతిసారీ వేరే మొహం పెట్టుకుని వస్తోంది.

మా అమ్మమ్మ ఊరు తిరుపతి.
గంగజాతరలో ఒకనాడు బైరాగి, మర్నాడు బండ,
ఆ మర్నాడు తోటి, ఆ పైన దొర.
సున్నంబొట్లూ బొగ్గుమసీ పూసుకుని
చెంగల్రాయ మామ తిట్టుకుంటూ మీదికొస్తే
పిల్లలంతా పరుగు.
నేను మాత్రం కాళ్లు చూసేదాన్ని.
ఎడమ బొటనవేలికి నల్లగా చచ్చిన గోరు.
"మామా, నువ్వే!"

అందుకని మొహాలు చదవడం మానేశాను.
నాలుగు వందల వరసల అడుగున
కాళ్లెక్కడున్నాయా అని వెతుకుతూ పోతున్నాను.

సెల్వం టీ తెచ్చాడు. విరిగి ఉంది.
"పాలు మార్చినావా?"
"లేదక్కా, అదే ప్యాకెట్టు, అదే పేరు, అదే ఆవు బొమ్మ.
లోపల వాళ్లేం మార్చినారో నాకేం తెలుసు?"

నేను గ్లాసు కింద పెట్టాను.

తూకం చీటీ అచ్చేసే లైబ్రరీ ఒకటుంది.
దానికి తేదీలు లెక్కగట్టే చిన్న లైబ్రరీ కావాలి.
అది నేను పిలిచింది కాదు, పెళ్లివారి వెంట వచ్చిన చుట్టం.
అన్ని వేషాల కిందా దాని పేరే,
నల్లగోరులాగా.
దాని నంబరు నెత్తిన చిన్న టోపీ.
టోపీ ఉంటే అర్థం:
ఇదైనా సరే, దీని తర్వాత వచ్చేదైనా సరే.
తర్వాతిది నిన్న రాత్రి వచ్చింది.
పేరు అదే. లోపల వేరే పాలు.

అసలు ఏ నంబరు వాడామో
గుర్తుకోసం తాళం వేసి దాచిన ఫైలు ఒకటుండేది.
ఫోల్డరు శుభ్రం చేస్తూ హేమాద్రి
చెత్తతోపాటు ఊడ్చేశాడు.
వాడి దగ్గర పాతది మిగిలి ఉంది, అందుకే నడుస్తోంది.
తిడదామనుకున్నాను.
టోపీ పెట్టింది ఎవరా అని చరిత్ర తిరగేస్తే
నాలుగేళ్ల కిందటి నా పేరే కనిపించింది.

టోపీ తీసేశాను.
నంబరు బోడిగా, కదలకుండా నిలబడింది.
అన్నీ చెరిపి మళ్లీ దించుతుంటే
మెట్లమీద చెప్పుల చప్పుడు.
మూడో లారీ డ్రైవరు యతిరాజులు.

"ఏందమ్మా తప్పు?"
"టోపీ."
ఆయన నవ్వలేదు.
"నా బండికీ అంతే. అసలు బోల్టు అడిగితే
అట్లాంటిదే ఇంకోటుండాదని ఇస్తారు.
మొగిలి ఘాటులో తెలుస్తాది అది అట్లాంటిది కాదని."

రెండూ పదికి బిల్డు పచ్చబడింది.
గేటు దగ్గర మిషను కర్రుమని
మొదటి చీటీని కక్కింది.
ఇంజన్లు ఒక్కొక్కటే దగ్గుతూ లేచాయి.

తెర మీద ఇంకా పదిహేడు హెచ్చరికలు,
పండబోయే కాయ రంగులో.
రేపు చూస్తాను.
నిన్న కూడా ఇదే అన్నాను.